బాతుల వేటకు చిన్న పడవ: చదునైన అడుగా, వీ ఆకారపు అడుగా?

అమెరికాలో చలికాలం మొదలయ్యే వేళ కెనడా వైపు నుంచి దక్షిణానికి దిగివచ్చే అడవి బాతుల వేటకు చిన్న పడవ కొనాలనుకునేవారు చాలామంది ముందుగా మోటారు శక్తినీ, పడవ మీది రంగునూ చూస్తారు. అవి రెండూ తరువాత మార్చుకోగలిగినవి. పడవ అడుగు మాత్రం మార్చుకోలేనిది. (భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట నేరం కనుక ఈ పోలిక అమెరికా నీళ్ళకే వర్తిస్తుంది.)

అడుగు పూర్తిగా చదునుగా, ముందు భాగం మొండిగా ఉండే అల్యూమినియం పడవను అక్కడ జాన్ బోట్ అంటారు. దాని పేరులో కనిపించే 1448 వంటి అంకె పొడవు 14 అడుగులనీ, పడవ అడుగుభాగం వెడల్పు 48 అంగుళాలనీ చెబుతుంది. బరువంతా వెడల్పాటి అడుగు మీద పరచుకోవడం వల్ల అది కొద్ది అంగుళాల నీటిలోనే తేలుతుంది. జమ్ము దుబ్బుల మధ్యకు గెడతో నెట్టుకుపోవచ్చు, బురదలోనూ తిరిగే మడ్ మోటారు బిగించుకోవచ్చు. ఆర్కన్సా రాష్ట్రంలో స్టట్‌గార్ట్ చుట్టుపక్కల ముంపు అడవుల్లో చెట్ల మధ్య మల్లార్డ్ బాతుల కోసం తిరిగేవారికి ఇంతకన్నా అనువైనది లేదు. నిలిచి ఉన్న నీటిలో ఇద్దరు ఒకే పక్కకు ఒరిగినా, పడిన బాతును తెచ్చే కుక్క తడిసి అంచు మీదుగా ఎక్కినా అది అంత సులువుగా వంగదు.

అయితే ఆ నిలకడ ప్రశాంతమైన నీటి వరకే. చదునైన అడుగు అల వాలునే అనుసరిస్తుంది కనుక పక్క నుంచి అల వస్తే పడవ మొత్తం ఆ వాలుకే ఒరుగుతుంది; ఎదురు అలల మీద వేగంగా పోతే ప్రతి అలనూ దబ్బున మోదుతూ మంచులాంటి నీటిని లోపలికి చిమ్ముతుంది. ముందు భాగం పదునుగా ఉండి వెనక్కు పోయేకొద్దీ చదునయ్యే అడుగును మాడిఫైడ్ వీ అంటారు. అది అలను మోదదు, చీలుస్తుంది. అందుకు ప్రతిగా కాస్త ఎక్కువ లోతు కోరుతుంది, నిలబడి తుపాకీ ఎత్తేటప్పుడు కొంచెం ఊగుతుంది. వెనుక దాకా లోతుగా సాగే వీ అడుగు సెయింట్ క్లెయిర్ సరస్సు, చెసాపీక్ అఖాతం వంటి విశాలమైన నీళ్ళకు తగినదే కానీ, బురద మడుగులో అది ఇరుక్కుంటే ఇద్దరు మనుషులు లాగినా కదలదు.

ఈ తేడా సౌకర్యానికి సంబంధించింది మాత్రమే కాదని 1940 నవంబరు 11 చూపించింది. ఉదయం వెచ్చగా ఉన్న ఆకాశం ఆ మధ్యాహ్నానికే మంచు తుఫానుగా మారడంతో మిసిసిపీ నది ఎగువ భాగంలోని లంకల మీద ఉన్న బాతుల వేటగాళ్ళు తమ చిన్న పడవల్లో ఆ అలలు దాటి రాలేకపోయారు. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఆ తుఫానుకు సుమారు 150 మంది బలయ్యారు; వారిలో నీటిలో మునిగిన, చలికి గడ్డకట్టిన వేటగాళ్ళు ఎందరో ఉన్నారు. అటువంటి గాలికి మాడిఫైడ్ వీ కూడా చాలదు, అప్పుడు ఒడ్డున ఉండడమే దారి. కానీ మామూలు నవంబరు గాలిలో తిరిగి రావడానికి అది ఇచ్చే వెసులుబాటు చదునైన అడుగు ఇవ్వదు.

మరో రెండు రకాలు ప్రత్యేక అవసరాలకు పుట్టినవి. లేఅవుట్ బోట్ నీటి మీద పళ్ళెంలా పరచుకుని ఉంటుంది. వేటగాడు అందులో వెల్లకిలా పడుకుని, అసలు బాతులను ఆకర్షించడానికి చుట్టూ పరచిన బొమ్మ బాతుల మధ్య, మునిగి మేసే బాతుల కోసం ఎదురుచూస్తాడు. దాన్ని లంగరు వేసి నిలపడానికీ, పడిన బాతులను ఏరడానికీ మరో పెద్ద పడవ వెంట ఉండాలి కనుక మొదటి పడవగా దాన్ని కొనడం తెలివైన పని కాదు. నాకు మనసుకు నచ్చింది మాత్రం న్యూజెర్సీ వారి స్నీక్‌బాక్స్. 1836లో వెస్ట్ క్రీక్‌లో హేజెల్టన్ సీమన్ రూపొందించిన ఈ పడవ సుమారు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో, అడుగూ, పడవ పైభాగాన్ని మూసే పైకప్పూ రెండూ గరిటెలా వంపు తిరిగి ఉంటుంది. వంపు తిరిగిన పైకప్పు మీదికి వచ్చిన అల పక్కలకు జారిపోతుంది, తక్కువ ఎత్తు వల్ల గడ్డిలో ఇట్టే కలిసిపోతుంది. ఒంటరిగా వెళ్ళేవారికి ఇది నేటికీ మంచి ఎంపిక; ఇద్దరు మనుషులకూ ఒక కుక్కకూ చోటు చాలదు.

ఒకే పడవ కొనగలిగినవారు కూర్చుని వేటాడే చోటును కాక, అక్కడికి చేరడానికి దాటవలసిన నీటిలో అన్నిటికన్నా కష్టమైన దాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది నా అభిప్రాయం. ఒడ్డు నుంచి జమ్ము దాకా అంతా మోకాలి లోతే అయితే 14 లేదా 16 అడుగుల చదునైన పడవే మేలు. మధ్యలో గాలికి తెరుచుకున్న అర మైలు నీరు ఉన్నా మాడిఫైడ్ వీ తీసుకోవాలి, లోతు చాలని చివరి భాగాన్ని గెడతో నెట్టుకోవాలి. ఏది కొన్నా మొదటి వేటకు ముందే మనుషులు, కుక్క, తుపాకులు, తడిసిన బొమ్మ బాతుల సంచులు, నిండుగా పెట్రోలు అన్నీ ఎక్కించి, ఆ మొత్తం బరువు పడవ లోపలి ఫలకం మీద రాసిన పరిమితికి లోబడి ఉందో లేదో, వెనుక అంచు నీటికి ఎంత పైన నిలిచిందో ఒడ్డు పక్కనే చూసుకోవాలి.