పైన రెండు గదులు: పని మొదలుపెట్టకముందే వేయించుకున్న ఎస్టిమేట్ గురించి

తెనాలిలో మాది మూడు సెంట్ల స్థలంలో డాబా ఇల్లు. 2006లో నాన్న ఉన్నప్పుడు కట్టుకున్నాం. ఎప్పటికైనా పైన పోర్షన్ వేసుకోవచ్చని పిల్లర్ల చువ్వలు పైకి వదిలిపెట్టారు. నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉండలేక నిరుడు మా దగ్గరికి వచ్చేసింది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. కింద గది ఆమెకిచ్చి, పిల్లలిద్దరికీ పైన గదులు వేద్దామనుకున్నాం.

ముందు మాకు తెలిసిన తాపీ మేస్త్రి వచ్చి టేపు కూడా తీయకుండా, "అడుగు 1,900 మాస్టారూ, మెటీరియల్‌తో సహా. తొమ్మిదొందల అడుగులు, పదిహేడు లక్షల పదివేలు" అన్నాడు. మా చేతిలో ఉన్నది పీఎఫ్ నుంచి తీసినదీ, దాచుకున్నదీ కలిపి 9 లక్షలు. బ్యాంకు ఆరు లక్షలిస్తుంది. మొత్తం పదిహేను. మిగతా రెండు లక్షలు ఎలాగో సర్దుకోవచ్చులే అనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పదిహేడులో ఏమేం ఉన్నాయో ముందు కనుక్కోండి" అంది. మళ్లీ అడిగితే మెట్ల రెయిలింగు లేదు, తలుపులు లేవు, లప్పం లేదు, వాటర్ ట్యాంకు మార్చడం లేదు, కరెంటు సామాను లేదు. అతను మోసగాడేమీ కాదు. మా వైపు అడుగు రేటంటే అందరూ అలాగే చెప్తారు. కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని అప్పు చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

అలా తోటి టీచరు చెప్పగా ఒక సివిల్ ఇంజినీరు గారి దగ్గరికి వెళ్లాం. పేరు రాయొద్దని ఆయనే కోరారు కాబట్టి రాయడం లేదు. ఇంటిని పరీక్షించి, డ్రాయింగు గీసి, ఐటెమ్ వారీగా ఎస్టిమేట్ ఇచ్చినందుకు 15,000 తీసుకున్నారు. తర్వాత పని జరిగేటప్పుడు వచ్చి చూసినందుకు ఒక్కోసారికి వెయ్యి. ఆరుసార్లు వచ్చారు. మొత్తం 21,000. చిన్న ఇంటికి ఇంత ఫీజా అని బంధువులు చాలామంది అన్నారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటిరోజు ఆయన పైకి ఎక్కలేదు. కిందే రెండు పిల్లర్ల పక్కన గొయ్యి తీయించారు. మాది నల్లమట్టి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పునాది ఎంత లోతుకు వెళ్లిందో, పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మ, అంటే ఫుటింగు, ఎంత వెడల్పుందో చూడకుండా పైన బరువు పెట్టకూడదన్నారు. నాలుగడుగుల లోతు, నాలుగడుగుల వెడల్పు ఉంది. "ఫరవాలేదు, ఒక అంతస్తుకి సరిపోతుంది" అన్నారు. నాన్న ఆ రోజుల్లో దగ్గరుండి తవ్వించిన గుంటలవి. ఆ మాట విని లోపలికి వెళ్లి అమ్మకి చెప్పాను.

తర్వాత పిల్లర్లకు రీబౌండ్ హ్యామర్ పెట్టి చూశారు. కాంక్రీటు పైపొర ఎంత గట్టిగా ఉందో కొట్టి తెలుసుకునే పరికరం అది. వెనక బాత్‌రూమ్ గోడలో కలిసిపోయిన రెండు పిల్లర్ల దగ్గర రీడింగు పడిపోయింది. ప్లాస్టరింగు చెక్కించి చూస్తే లోపల చువ్వ తుప్పుపట్టి కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తోంది. పంతొమ్మిదేళ్లుగా గోడలో దిగిన తేమ అది. రోజూ ఆ గోడ పక్కనే స్నానం చేస్తున్నాం, ఎవరికీ తెలియలేదు. ఈ రెండు పిల్లర్లకు చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు తొడగాలి, జాకెటింగ్ అంటారు. ఎస్టిమేట్‌లో దానికే 78,000 వేశారు. పై చువ్వలదీ అదే కథ. కొత్త చువ్వకీ పాత చువ్వకీ రెండడుగులైనా అతుకు ఉండాలట. మావి అడుగున్నర కూడా లేవు, పైగా తుప్పు. పిల్లరు తలలో రంధ్రాలు వేసి, కెమికల్ పోసి కొత్త చువ్వలు నాటడానికి ఇంకో 22,000. మేస్త్రి చెప్పిన 17 లక్షల్లో ఈ రెండూ లేవు. తెలియక పైన గదులు లేపేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఈ లెక్కన తొమ్మిదొందల అడుగులు పూర్తిగా వేస్తే 21 లక్షల 60 వేలు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మాస్టారూ, మీ దగ్గర పదిహేను ఉంది. పదిహేనుకి ఏం వస్తుందో అది గీద్దాం" అన్నారు. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ ఉపయోగపడిన మాట అదే. 560 అడుగుల్లో రెండు గదులు, ఒక బాత్‌రూమ్, మిగిలిన 340 అడుగులు ఖాళీ డాబా. అంచనా 13 లక్షల 40 వేలు. దాని మీద పదిశాతం, అంటే 1,34,000, అనుకోని ఖర్చులకని విడిగా పెట్టించారు. ఆ డబ్బు వేరే అకౌంటులో వేయమని, దాన్ని టైల్స్ మంచివి కొనడానికి వాడొద్దని మా ఆవిడ ఎదుటే ఆయన చెప్పారు.

నేను లెక్కల టీచర్ని. అందుకని ఎస్టిమేట్ కాగితాలు నాలుగుసార్లు చదివాను. ఇసుక దగ్గర నేను సున్నా వేసుకున్నాను. 2024 జులై నుంచి ఆంధ్రాలో ఇసుక ఉచితమే కదా. ఆయన 34,000 రాశారు. ఇసుకకు రేటు లేకపోయినా లోడింగు కూలి, లారీ కిరాయి మనవే. చివరికి అయింది 36,000. సిమెంటు మొదట బస్తా 320 చొప్పున వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గగానే ఆయనే ఫోన్ చేసి, ఆ పేజీ మార్చి 295తో పంపారు. 270 బస్తాలకు 6,750 తగ్గింది. అడక్కుండా మార్చి పంపిన ఆ పేజీ చూశాకే ఆయన మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

ఇనుము లెక్క కూడా ఆయనే నేర్పించారు. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం చువ్వ అయితే 144 బై 162, సుమారు 0.89 కిలో. 12 మీటర్ల చువ్వ 10.67 కిలోలు. లోడు వచ్చినప్పుడు చువ్వలు లెక్కపెట్టి, కాటా చీటీతో సరిచూసుకున్నాను. ఆ మర్నాడే తొమ్మిదో తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేశాను. ఇద్దరు పిల్లలు తాపీ పనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే, ఇంటికెళ్లి నాన్నలకు చెప్పారట.

స్లాబుకీ బీములకీ 75 సిమెంటు బస్తాలు పడతాయని రాశారు, 77 పట్టాయి. బీముల కింద సెంట్రింగు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా పెట్టే ఆసరా, 14 రోజులు తీయొద్దని ముందే రాసి, ఆ అద్దె కూడా లెక్కలో కలిపారు. మేస్త్రి వారానికే తీసేస్తానన్నప్పుడు నాకు వాదించే పని లేకపోయింది, కాగితం చూపించాను. పని ఆ మేస్త్రికే ఇచ్చాం, మెటీరియల్ మాది, కూలి అడుగుకు 450. డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలో ఇంజినీరు గారు రాసిచ్చారు. చివరి ఐదు శాతం మొదటి పెద్ద వాన పడి, ఎక్కడా కారలేదని చూశాకే. బ్యాంకు కూడా ఈ ఎస్టిమేట్ మీదే విడతలవారీగా లోను విడుదల చేసింది.

ఇంకో విషయం. తుపాను రోజులు దాటేదాకా సిమెంటు దించొద్దన్నారు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మా డాబా మీద ఇటుకలు తప్ప ఏమీ లేవు. పక్క వీధిలో ఒకాయన ముప్పై బస్తాలు గడ్డకట్టి పారబోశారు.

ఇప్పుడు బాగాలేనివి. పదిరోజుల్లో ఇస్తానన్న రిపోర్టు 24 రోజులకు ఇచ్చారు. పగలు ఫోన్ ఎత్తరు. కార్తీకమాసం దాటితే మంచిరోజులు లేవని ఇంట్లో టెన్షన్ పడ్డాం. ఎస్టిమేట్ అంతా ఇంగ్లీషులో ఉంది. మా ఆవిడ, "డబ్బు లెక్క రాసేది నేను, నాకు అర్థం కాకపోతే ఎలాగండీ" అని అడిగితే, ఆయన కూర్చుని ప్రతి వరుస పక్కనా చేత్తో తెలుగులో రాసిచ్చారు. అది మొదటే ఇస్తే ఎంత బాగుండేది. అన్నిటికంటే పెద్ద లోపం కరెంటు. మిగతావన్నీ పాయింటు పాయింటుగా రాసి, వైరింగుకు మాత్రం ఒకే వరుసలో 60,000 అని వేసేశారు. పాత మీటరుకు పై పోర్షన్ లోడు చాలదన్న సంగతి పనిలో బయటపడింది. అక్కడ 27,000 ఎక్కువైంది.

పాత పిట్టగోడ పగలగొట్టి ఆ శిథిలాలు ఎత్తించడానికి 18,000, మధ్యలో ఇనుము రేటు పెరిగి 22,000, మెట్లకు గ్రానైటు వేయించాలని మేమే కోరుకున్నందుకు 31,000. కరెంటుతో కలిపి 98,000. మొత్తం ఖర్చు 14 లక్షల 38 వేలు. ఇంజినీరు ఫీజు, మునిసిపాలిటీ ఫీజు ఇందులో లేవు. విడిగా పెట్టిన 1,34,000 లోంచే ఆ తొంభై ఎనిమిది వేలు వెళ్లాయి. ఎవరి దగ్గరా చేబదులు తీసుకోలేదు. మా ఆవిడ గాజులు బీరువాలోనే ఉన్నాయి.

ఇంజినీరు గారి పనికి ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి ఆలస్యానికీ, కరెంటు లెక్కకీ తగ్గించాను. పాత ఇంటి మీద పైకి కట్టాలనుకునేవాళ్లు ఇలాంటివారి దగ్గరికి ముందే వెళ్లండి. వైరింగు మాత్రం ఎన్ని లైట్లు, ఎన్ని ఫ్యాన్లు, ఏసీ ఉందా, మీటరు లోడు ఎంత అని వరుస వరుసగా రాయించుకోండి. రిపోర్టుకు నెల పడుతుందనే అనుకుని మంచిరోజు చూసుకోండి.

ఏప్రిల్‌లో పిల్లలు పై గదుల్లోకి వెళ్లారు. ఖాళీగా ఉన్న 340 అడుగుల వైపు పిల్లర్ల చువ్వలను ఇంజినీరు గారు ఈసారి అలా వదలనివ్వలేదు. తుప్పు గీకించి, సిమెంటు పాలు పూయించి, తేలిక కాంక్రీటుతో చిన్న దిమ్మలుగా మూయించారు. మా అబ్బాయి కట్టుకునే రోజుకి ఆ దిమ్మ పగలగొడితే చాలట. సాయంత్రాలు వాడు దాని మీదే కూర్చుని చదువుకుంటున్నాడు.