పైథాన్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు: కొన్నేళ్ల వాడకం తరువాత టీకింటర్

పైథాన్‌లో చిన్న చిన్న స్క్రిప్టులు రాయడం అలవాటైనవారు, వాటిని కమాండ్ ప్రాంప్ట్ చూస్తేనే బెదిరేవారి చేతికి ఇవ్వవలసి వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది విండోలు, బటన్లు తయారుచేసే టీకింటర్ లైబ్రరీ అని నా అభిప్రాయం. ఒక రైస్ మిల్లులో కాటా చీటీల ప్రోగ్రామును కొన్నేళ్లుగా దీనితోనే నడుపుతున్నాను. విండోస్‌లో ఇది పైథాన్‌తోపాటే వస్తుంది. ఉబుంటులో విడిగా వేసుకోవాలి. దీనికి ఆధారమైన టీకే 1990ల తొలినాళ్లలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించినది కనుక మామూలు బటన్లు ఇప్పటికీ పాతకాలంగానే కనిపిస్తాయి. దానిలోనే ఉన్న కొత్త రూపు టీటీకే విడ్జెట్లు (బటన్లు, పెట్టెల వంటి విండో భాగాలు) వాడితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

అసలు కష్టం విడ్జెట్ల దగ్గర లేదు. స్క్రిప్టు పైనుంచి కిందికి నడిచి ముగుస్తుంది. ఇక్కడ ప్రోగ్రాము మెయిన్‌లూప్ అనే ఆగని చక్రంలో ఉండి, ఎవరు ఏది నొక్కుతారా అని కనిపెట్టుకుని ఉంటుంది. కాటా నుంచి సీరియల్ పోర్టు ద్వారా వచ్చే బరువును బటన్‌కు కట్టిన ఫంక్షన్‌లోనే చదివితే, తూకం నిలకడకు వచ్చేదాకా విండో బిగుసుకుపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అంటుంది. గుమాస్తా ఓపిక పట్టక దాన్ని మూసేస్తాడు. బరువు చదివే పనిని వేరే థ్రెడ్‌కు (పక్కనే విడిగా నడిచే పనివరుసకు) అప్పగించి, అది అంకెలను క్యూలో వేస్తుండగా, విండో ‘ఆఫ్టర్’ మెథడ్‌తో 100 మిల్లీసెకన్లకొకసారి ఆ క్యూను చూసుకునేలా రాయాలి. ఆ థ్రెడ్ నుంచి విడ్జెట్లను నేరుగా తాకకూడదు. మొదటి వారంలోనే ఇది నేర్చుకుంటే మిగిలినదంతా తేలిక.

విడ్జెట్ల అమరికకు గ్రిడ్ (అడ్డు, నిలువు వరుసల పద్ధతి) చాలు. ఒకే ఫ్రేములో గ్రిడ్‌నూ, ప్యాక్ అనే మరో అమరిక పద్ధతినీ కలిపితే ఎర్రర్ వస్తుంది.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. రైతుల పేర్లు విండోస్‌లో చక్కగానే కనిపిస్తాయి గానీ, లినక్స్‌లో టీకే 8.6 ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చదు. లినక్స్‌లో తెలుగు తప్పనిసరి అయినవారు క్యూటీ అనే మరో టూల్‌కిట్ మీద నడిచే పైసైడ్‌కు వెళ్లడమే మేలు. నేర్చుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది, అయినా తప్పదు.

పంపిణీకి, ప్రోగ్రామును పైథాన్ లేని కంప్యూటర్లలోనూ నడిచేలా కట్టే పైఇన్‌స్టాలర్ వాడుతున్నాను. అంతా ఒకే ఫైలుగా కట్టడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, తెరిచిన ప్రతిసారీ అది తాత్కాలిక ఫోల్డరులోకి విప్పుకోవడం వల్ల పాత కంప్యూటర్లలో ఆలస్యమవుతుంది, పైగా యాంటీవైరస్ అనుమానిస్తుంది. ఫోల్డరుగానే ఇచ్చి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెడితే ఆ ఆలస్యం ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: విండోస్‌లో నడవవలసిన ఫైలును విండోస్‌లోనే కట్టాలి, లినక్స్‌లో కడితే పనికిరాదు.