కోడి తలమీద బుడగ, బుడగలో ఒత్తులు: కేడెన్‌లైవ్ వాడిన అనుభవం

కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఎలా కత్తిరించాలి, ఎలా అతికించాలి అన్నవి ఇక్కడ రాయడం లేదు. ఉచితంగా దొరుకుతుంది, లినక్సులోనూ విండోస్‌లోనూ నడుస్తుంది, అంతవరకు చాలు. నేను చెప్పదలచుకున్నది దాని టైటిల్ పెట్టె, అంటే వీడియోమీద అక్షరాలు రాసే చోటు సంగతి. అందులో ‘జాగ్రత్త’ అని టైపు చేస్తే ‘జాగ్రత్త’ అనే పడుతుంది. అదీ ఒక గొప్పేనా అని నవ్వేవాళ్లు వీడియో మీద తెలుగు రాసి ఎరగరన్న మాట.

మా పెరట్లో నాటుకోళ్లు ఉన్నాయి. వాటిని ఫోనులో తీసి, బొమ్మల కథల్లో మాదిరిగా తలలమీద ఆలోచన బుడగలు పెట్టి చుట్టాల గ్రూపులో వేస్తుంటాను. తెల్లటి మబ్బులాంటి ఆకారం, అందులోంచి కోడి తల దాకా దిగే రెండు మూడు చిన్న సున్నాలు. సున్నాల బదులు మొనదేలిన తోక పెడితే కోడి పైకి మాట్లాడినట్టు అవుతుంది. నాకు మాట్లాడే కోడికన్నా మనసులో అనుకునే కోడే ఇష్టం. మెడ పక్కకు తిప్పి, ఒంటికంటితో మనవైపు చూస్తూ నిలబడే దాని వాలకం చూస్తే లోపల ఏదో లెక్క వేస్తున్నట్టే ఉంటుంది.

మొదట ఈ పని ఫోనులోనే ఒక ఆప్‌తో చేసేవాడిని. పేరు అనవసరం. ఏడాది చందా కట్టాను. రకరకాల బుడగలు, రంగులు, వేలితో లాగితే చాలు, ఎక్కడంటే అక్కడ కూర్చుంటాయి. పక్కవీధి వాళ్ల పుంజు గోడ దూకి వచ్చిన రోజున మా నల్లపెట్ట తలమీద ‘కొత్త పుంజు వచ్చింది, జాగ్రత్త!’ అని పెట్టాను. తెరమీద చూసుకుంటే ముచ్చటగా ఉంది. భద్రం చేశాను, గ్రూపులో వేశాను, స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి పిన్ని సందేశం: ‘ఇది ఏ భాష నాయనా, కోళ్ల భాషా?’ తెరిచి చూస్తే వీడియోలో ఉన్నది ‘కొత్ త పుంజు వచ్ చింది, జాగ్ రత్ త!’ ఒత్తులన్నీ ఊడి పక్కన నిలబడ్డాయి. ఆప్‌లో మళ్లీ తెరిస్తే మాత్రం అంతా సవ్యంగానే ఉంది! సవరించేటప్పుడు ఒకలా, భద్రం చేశాక ఇంకొకలా. సహాయ కేంద్రానికి రాస్తే ఆప్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. ఎక్కించాను. ఒత్తులు మళ్లీ ఊడాయి. రెండోసారి రాస్తే ఫాంటు మార్చి చూడమన్నారు. మార్చాను. ఈసారి ఒత్తులతోపాటు గుడిదీర్ఘాలు కూడా జరిగాయి. మూడోసారి రాయలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఒత్తులకు విడిగా స్థానం లేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం లోపల ఆరు ముక్కలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని పోగుచేసి ఏది కింద వేలాడాలో, ఏది పైన కూర్చోవాలో తేల్చే పని ఇంకో సాఫ్ట్‌వేర్ చేయాలి. హార్ఫ్‌బజ్ అనేది ఆ పనే చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు చక్కగా కనబడుతున్నదంటే దాని చలవే. తెరమీద ఫోను గీసి పెట్టిన అక్షరాలను, భద్రం చేసేటప్పుడు ఆ ఆప్ తన సొంత తెలివితో గీస్తున్నదని నా అనుమానం. పెళ్లి వీడియోల వాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లను వదలకపోవడానికి కారణం కూడా ఇదే కావాలి. అవి యూనికోడ్ కావు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరైనా ఉన్నదున్నట్టు గీసేస్తుంది. కానీ నాకు ఆ కీబోర్డు రాదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు.

కొన్నాళ్లు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో బుడగ గీసి, అక్కడే తెలుగు రాసి, వెనక పారదర్శకంగా ఉండే బొమ్మగా మార్చి వీడియోమీద అతికించాను. ఒత్తులు కదలవు. కానీ ఒక్క అచ్చుతప్పు కనబడితే మళ్లీ మొదటి నుంచి గీత, ఎగుమతి, అతుకు. కోడి జోకుకు అంత శ్రమ గిట్టుబాటు కాదు.

కేడెన్‌లైవ్‌కు వచ్చింది అసలు వేరే పనికి, శబ్దం సరిచేసుకోవడానికి. టైటిల్ పెట్టె తెరిచి, అలవాటుగా నన్ను ఏడిపించిన మాటే టైపు చేశాను. గ కింద క్రావడి, త కింద త. సరే, ఎగుమతి చేశాక కదా అసలు రంగు బయటపడేది అనుకుని వీడియో తీయించాను. అక్కడా అంతే! పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెట్టిన కేకకు కంగారుపడేవాళ్లు. ఇందులో టైటిళ్లను గీసేది క్యూట్ అనే ఉపకరణాల గుంపు, అది హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది. తెరమీద చూపించేదీ ఎగుమతి చేసేదీ ఎమ్మెల్టీ అనే ఒకే యంత్రాంగం కాబట్టి ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి అన్న బాధ లేదు. ఇంక్‌స్కేప్‌లో ఒకసారి గీసుకున్న ఖాళీ మబ్బును టైటిల్ పెట్టెలోకి తెచ్చి, పైన మాటలు రాసుకుంటే చాలు. మాట మార్చాలంటే రెండుసార్లు నొక్కి మార్చడమే.

ఇక అందరూ మెచ్చుకునే ట్రాకర్. కోడి తల చుట్టూ పెట్టె గీస్తే అది తలను వెంబడించి కీఫ్రేములు, అంటే ఏ క్షణాన తల ఎక్కడుందో ఆ గుర్తులు, రాసిపెడుతుంది. వాటిని కాపీ చేసి, బుడగకు వేసిన ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్టులోకి దించుకుంటే బుడగ కోడి వెంట నడుస్తుంది. మొదట చూసినప్పుడు దీన్ని పరిచయస్తులందరికీ చూపించాను. మోస్ అన్న పద్ధతి చురుకు, సీఎస్ఆర్‌టీ నిదానం కానీ గురి ఎక్కువ అని పాఠాలు కూడా చెప్పాను.

అయితే కోడి మనిషిలా నడవదు. ఒళ్లు ముందుకు సాగుతుంటే తల గాలిలో ఒకేచోట ఆగి ఉంటుంది, ఆ తరవాత ఒక్క ఉదుటున ముందుకు వస్తుంది. చూపు చెదరకుండా దానికి అలా కావాలి. ట్రాకర్ తలను ఎంత నమ్మకంగా పట్టుకుంటే బుడగ అంత కుదుపులతో కదులుతుంది, లోపలి మాట చదవడం ఎవరి వల్లా కాదు. పెట్టెను తలమీద కాకుండా రొమ్ముమీద గీస్తే కొంత నయం. తెల్లపెట్టను ట్రాకర్ బాగానే పట్టుకుంటుంది. ఎర్రమట్టిలో ఎర్రపెట్టను ఏ ట్రాకరైనా కాసేపటికి వదిలేస్తుంది. ఇప్పుడు నేను చేసేది వేరు: మబ్బును ఒకచోట కదలకుండా పెట్టి, సున్నాలను మాత్రం విడి టైటిల్‌గా చేసి తల వెంట తిప్పుతాను. చాలా వీడియోల్లో అదీ చేయను, కోడి ఆగిన క్షణం చూసి బుడగ వేస్తాను. ఆగిన కోడే ఎక్కువ ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

అక్షరాల విషయంలోనూ కాస్త సర్దుకోవాలి. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి రెండు వరుసలు రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. నిలువు వీడియోలో, అదీ అరచేతిలో చూసే వాళ్లకు, అయిదారు మాటలు మించితే బుడగ కోడిని మింగేస్తుంది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రామభద్ర లావుగా, దర్జాగా ఉంటుంది కానీ బుడగలో ఇరుకు. నాకు మండలి అనే ఫాంటు సరిపోయింది. మా అమ్మ కూడబలుక్కుని చదివేలోపు బుడగ మాయం కాకూడదని, నేను చదవడానికి పట్టే సమయానికి రెట్టింపు ఉంచుతాను. పిల్లలకు అది సాగతీతలా ఉంటుందట.

మీరు తీసుకోవాలా వద్దా అంటే చెప్పలేను. నాది పాత ల్యాప్‌టాప్, ట్రాకింగ్ పెట్టి కోళ్లకు నూకలు వేసి వచ్చినా ఇంకా నడుస్తూనే ఉంటుంది. నాకు గడువుల్లేవు, గిరాకీల్లేవు. రేపు పొద్దున్నకల్లా అందించాల్సిన వాళ్ల తొందర వేరు. ఇంగ్లిషులో మాత్రమే బుడగలు రాసేవాళ్లకు నేను పొంగిపోయిన సంగతి అసలు అక్కరకే రాదు. వాళ్లకు ఫోనే హాయి.

ఆ ఫోను ఆప్‌ను నేనూ ఇంకా తీసేయలేదు. చందా గడువు మిగిలి ఉంది. ఒత్తు లేని మాటలకు వాడుతున్నాను: ‘అదిగో’, ‘ఆకలి’, ‘పురుగు’, ‘పోదామా’. కోడికి చాలావరకు వీటితోనే గడిచిపోతుంది.