పాలపుంత న్యూట్రినోలకి ఏది మేలు: ధ్రువంలో ఐస్‌క్యూబా, సముద్రంలో ఆర్కానా?

న్యూట్రినోల (దేన్నైనా దాదాపు ఆగకుండా దాటిపోయే అతి చిన్న కణాల) మాట వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు, వాటిని పట్టే డిటెక్టర్ ఐస్‌క్యూబ్ దక్షిణ ధ్రువం మంచులో ఉండగా ఇటలీలోని సిసిలీ దగ్గర సముద్రంలో మూడున్నర కిలోమీటర్ల లోతున మళ్లీ ఈ ఆర్కా అనే డిటెక్టర్ ఎందుకని. రెండూ కణాలు మంచులోనో నీళ్లలోనో పుట్టించే వెలుగుని చూసేవే. మన గెలాక్సీలో కాస్మిక్ కిరణాలు (అంతరిక్షంలో దూసుకుపోయే ప్రోటాన్లలాంటి కణాలు) గ్యాస్‌ని గుద్దుకుంటే పుట్టే న్యూట్రినోలే కావాలంటే నా ఓటు నీళ్లకే.

అసలు తేడా డిటెక్టర్ ఎక్కడ ఉంది అన్నదే. గెలాక్సీ సెంటర్ ధనుస్సు రాశి వైపు ఉంది కదా, ధ్రువం నుంచి చూస్తే అది ఎప్పుడూ అస్తమించదు, 29 డిగ్రీల ఎత్తులో చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అంటే అటునుంచి న్యూట్రినో వచ్చినా, మన వాతావరణంలో పుట్టే మ్యూయాన్లనే కణాలు కూడా పైనుంచే సెకనుకి దాదాపు 3 వేలు కురుస్తుంటాయి, అందులో దాన్ని ఏరుకోవాలి. సిసిలీ దగ్గర అదే సెంటర్ రోజుకి దాదాపు 15 గంటలు కాళ్ల కింద ఉంటుంది, మ్యూయాన్లని భూమే ఆపేస్తుంది, న్యూట్రినో మాత్రం దూరి వచ్చేస్తుంది.

అయినా పాలపుంత న్యూట్రినోలని ముందు చూపించింది ఐస్‌క్యూబ్ వాళ్లే, 2023 జూన్‌లో, 10 ఏళ్ల డేటాతో, 4.5 సిగ్మా, అంటే అది కాకతాళీయం అయ్యే అవకాశం చాలా తక్కువ. మ్యూయాన్లు పొడుగ్గా వెలుగు గీత గీస్తాయి కాబట్టి గీతలు వదిలేసి, ఒక్కచోట ఉండలా వెలిగే కాస్కేడ్లని మెషీన్ లెర్నింగ్‌తో ఏరారు. చాలా గొప్ప పని అది. కానీ ఐస్‌లో వెలుగు చెదిరిపోతుంది, కాస్కేడ్ ఎటునుంచి వచ్చిందో చెప్పాలంటే కొన్ని డిగ్రీలు అటూఇటూ అవుతుంది, నిండు చందమామే అర డిగ్రీ ఉంటుంది మరి. అందుకే పాలపుంత మొత్తం మెరుస్తోందని తెలిసింది గానీ ఏ సూపర్‌నోవా శేషం (పేలిన నక్షత్రం మిగిల్చినది) నుంచో తెలీలేదు. నాకు కావాల్సింది అదే, ఎందుకంటే గామా కిరణాలు ఎలక్ట్రాన్ల వల్ల కూడా వస్తాయి, న్యూట్రినో వచ్చిందంటే మాత్రం అక్కడ ప్రోటాన్లు పరుగెడుతున్నట్టే. నీళ్లలో వెలుగు అంతగా చెదరదు, ఎనర్జీ ఎక్కువుంటే న్యూట్రినో పుట్టించిన మ్యూయాన్ గీత దిశ 0.1 డిగ్రీ దాకా పట్టొచ్చు.

నీళ్లకీ తలనొప్పులున్నాయి. ఉప్పునీళ్లలో తనంతట తనే వెలుగు పుట్టించే రేడియోధార్మిక పొటాషియం-40, మెరిసే జీవులు, ప్రవాహానికి ఊగే సెన్సర్ల లైన్లు. పైగా ఐస్‌క్యూబ్ 86 సెన్సర్ల తీగలూ 2010కే పూర్తయ్యాయి, ఆర్కాకి అనుకున్నవి 230 లైన్లు, ఇంకా దించుతూనే ఉన్నారు.

రష్యాలోని బైకాల్ సరస్సులో ఉన్న న్యూట్రినో డిటెక్టర్ కూడా ఉత్తరానే, నీళ్లలోనే, కాబట్టి ఇదే లాభం దానికీ ఉంది. చలికాలం సరస్సు గడ్డకట్టాక పైన నిలబడి లైన్లు దించుతారు.