ఆర్‌సీ కారు: కిట్ కొని బిగించుకోవాలా, రెడీగా ఉన్నది కొనాలా?

పెట్టె తెరిచిన రోజే కారు పరిగెత్తాలా, వారం ఆగినా ఫర్వాలేదా? ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవడానికి మొదటి ఆర్‌సీ కారు, అంటే రిమోట్‌తో నడిచే కారు, కొనేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. వేగం ఎంత, మోటార్ ఏది అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

నేను మాట్లాడేది హాబీ కార్ల గురించి. బొమ్మ కారులో గేరు అరిగిపోతే ఇక పక్కన పడేయడమే. హాబీ కారుకైతే గేరు, చక్రం, ఇరుసు అన్నీ విడిగా దొరుకుతాయి. అందుకే అది ఏళ్ల తరబడి ఇంట్లో ఉంటుంది.

ఇంట్లో ఆరేడేళ్ల పిల్లలుంటే రెడీగా వచ్చే కారే మేలు. దాన్ని ఆర్‌టీఆర్ (రెడీ టు రన్) అంటారు. బ్యాటరీ చార్జ్ చేసి, ముందు రిమోట్, తర్వాత కారు ఆన్ చేస్తే చాలు. ఆపేటప్పుడు మాత్రం ముందు కారు, తర్వాత రిమోట్. ఆ వయసు పిల్లలకు నడపడం నేర్చుకోవడమే పెద్ద పని. కారు మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు అవుతాయి. అది చేతికి అలవాటయ్యేసరికి కొన్ని రోజులు పడుతుంది. వేగం తగ్గించే సెట్టింగ్ ఉన్న కారు తీసుకుంటే గోడలకు గుద్దడం సగం తగ్గుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మొదటిసారి ఏదైనా విరిగినప్పుడు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మా మొదటి కారు ఆర్‌టీఆరే. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్ విరిగితే, ఏ స్క్రూ ముందు తీయాలో తెలియక ఒక సాయంత్రమంతా పోయింది.

పిల్లలకు పదేళ్లు దాటితే నా ఓటు కిట్‌కే. జపాన్‌కు చెందిన టమియా కంపెనీ 1976లో తెచ్చిన తన మొదటి ఆర్‌సీ కారు పోర్షే 934 కూడా కిట్టే. ఆ కంపెనీదే 1984 నాటి గ్రాస్‌హాపర్ బగ్గీని తర్వాతి కాలంలో మళ్లీ కిట్‌గా విడుదల చేశారు. ఖర్చు లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. చాలా కిట్లలో రిమోట్, సర్వో (చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటార్), బ్యాటరీ, చార్జర్, రంగులు ఉండవు. పెట్టె మీద ధర చూసి చవకే అనుకుంటే మొదటికే మోసం.

అయినా కిట్ ఎందుకంటే, బిగించేటప్పుడు పిల్లల చేతులు నేర్చుకునేది ఇంకెక్కడా దొరకదు. ప్లాస్టిక్‌లో ఒకసారి బిగించిన స్క్రూను మళ్లీ బిగించాలంటే, ముందు దాన్ని మెల్లగా వెనక్కి తిప్పాలి. ‘టిక్’మని చిన్నగా తగులుతుంది, పాత మరలో కూర్చుందన్నమాట. అప్పుడు బిగిస్తే మర చెడదు. మా అమ్మాయి ఆ టిక్ కోసం చెవి దగ్గరగా పెట్టి, "నాన్నా, కూర్చుంది!" అని చెప్పేది. మోటార్ గేరుకు, పెద్ద గేరుకు మధ్య ఎంత సందు ఉండాలన్నది ఇంకో మెలకువ. పలుచని కాగితం ముక్క మధ్యలో పెట్టి, రెండు గేర్లనూ దగ్గరికి నొక్కి, మోటార్ స్క్రూలు బిగించి, కాగితం తిప్పి తీసేయాలి. మరీ బిగుతైతే మోటార్ వేడెక్కుతుంది, వదులైతే పళ్లు కొట్టుకుపోతాయి. పారదర్శకంగా ఉండే పాలికార్బనేట్ బాడీ అయితే రంగు లోపలి వైపు వేస్తారు. ముందు వేసిన రంగే బయటికి కనిపిస్తుంది, అందుకే ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత. ఇలా చేతులతో కట్టిన కారు విరిగితే, ఏ భాగం మార్చాలో పిల్లలే చెబుతారు.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే మోడల్ కొనండి. విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి పనికొస్తాయి, పందెంలో గొడవా ఉండదు.

ఇక మార్పుల మాట. ముందు బేరింగులా, బ్రష్‌లెస్ మోటారా? నన్నడిగితే ముందు బేరింగులే. చాలా కార్లలో ఇరుసు తిరిగే చోట ప్లాస్టిక్ బుష్‌లు (గొట్టం లాంటి ముక్కలు) వస్తాయి. దుమ్ము చేరితే అరిగిపోయి చక్రం ఊగుతుంది. వాటి స్థానంలో బాల్ బేరింగులు వేస్తే రాపిడి తగ్గుతుంది, అదే బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది. బ్రష్‌లెస్ మోటారులో అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు, శక్తి కూడా ఎక్కువే. కానీ ఆ శక్తికి పాత ప్లాస్టిక్ గేర్లు తట్టుకోకపోవచ్చు. ఒకటి మారిస్తే ఇంకో నాలుగు మార్చాల్సి వస్తుంది.

బ్యాటరీ విషయంలో నేను జాగ్రత్త వైపే. ఆరు సెల్స్ ఉండే 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ మొరటు వాడకాన్ని బాగానే ఓర్చుకుంటుంది. రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ 7.4 వోల్టులు, తేలిక, చివరిదాకా ఊపు తగ్గదు. అయితే ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే, మనిషి ఎదురుగా ఉండి చార్జ్ చేయాలి. వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ చార్జ్ చేయకూడదు. ఈ టెన్షన్ పిల్లల మీద పెట్టలేం కాబట్టి, లైపో చార్జింగ్ పూర్తిగా పెద్దవాళ్ల పని.

ఒక ప్యాక్ అయిపోయాక, మోటార్ చల్లారేదాకా ఆగి రెండోది పెడతాం. ఆ కాసేపట్లో కారును తిరగేసి చక్రాల నట్లు, ఇరుసుకు చుట్టుకున్న గడ్డి పోచలు చూడటం మా అమ్మాయి పని.