కంట్రోలరా, టర్న్‌టేబుళ్లా? కొత్త డీజే లెక్క
కంట్రోలర్ అంటే లాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపించే పరికరం; టర్న్‌టేబుల్ అంటే రికార్డును తిప్పే యంత్రం. పయొనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కంట్రోలర్ చవకైన మొదటి మెట్టు. పాటలు నడిపే రెండు డెక్కులు, మధ్యలో వాటిని కలిపే మిక్సర్, లోపలే సౌండ్‌కార్డు. ఇంట్లో లాప్‌టాప్ గానీ, తగిన ఫోన్ గానీ ఉంటే ఈ రాత్రే సాధన మొదలుపెట్టవచ్చు. లేకపోతే మాత్రం ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి; చాలామంది మరిచిపోయేది దాన్నే.

టర్న్‌టేబుళ్ల దారిలో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200ఎంకే7 ఒక్కటే ఆ కంట్రోలర్ కంటే కొన్ని రెట్లు ఖరీదు. పాటలు కలపాలంటే అలాంటివి రెండు కావాలి. మిక్సర్, సూదిని పట్టుకునే కార్ట్రిడ్జులు వేరు. అంతటితో ఆగదు: పాట కావాలంటే రికార్డు కొనాలి, సూది అరిగితే మార్చాలి.

అయినా ధర చూసి వాటిని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అదే శ్రేణిలో 1979లో వచ్చిన ఎంకే2 యంత్రాలు నేటికీ తిరుగుతున్నాయి. 2010లో ఆ శ్రేణి తయారీ ఆపేసిన సంస్థే 2016లో మళ్లీ మొదలుపెట్టింది. పాతవి అమ్మినా మంచి ధరే వస్తుంది. కంట్రోలర్‌కు ఆ భరోసా లేదు. సాఫ్ట్‌వేర్ మద్దతు పోతే దాని విలువా పోతుంది.

స్క్రాచింగ్, అంటే రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి శబ్దం పుట్టించడం, మీద ప్రాణం పెట్టుకున్నవారికి వేళ్ల కింద నిజంగా తిరిగే పళ్లెం కావాలి. వారు వాడిన టర్న్‌టేబుల్ ఒక్కటి కొని మొదలుపెట్టవచ్చు. పెళ్లిళ్లలో, పార్టీలలో పాటలు కలపాలనుకునేవారు అప్పు చేయకుండా కంట్రోలరే తీసుకోవాలి. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోవాలి.