బ్లెండర్‌లో క్యూ మీట, దాని వెంట ఒక అంకె

త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పమంటే అందరూ సైకిల్స్, జియోమెట్రీ నోడ్స్ లాంటి పెద్ద విశేషాలతో మొదలుపెడతారు. నేను మాత్రం కీబోర్డు మీది క్యూ (Q) మీట ఒక్కదాని గురించే రాస్తాను. కొన్నేళ్ళుగా నేను ఈ సాఫ్ట్‌వేర్‌ని వదలకపోవడానికి సగం కారణం అదే. ఈమధ్య ఒక పూటంతా నన్ను ఏడిపించింది కూడా ఆ మీట దగ్గరే.

2019లో బ్లెండర్ 2.80 వెర్షన్ వచ్చినప్పుడు చర్చంతా వస్తువుల్ని ఎంచుకోవడానికి ఎడమ క్లిక్కా, కుడి క్లిక్కా అన్నదాని మీదే నడిచింది. ఆ హడావిడిలో క్విక్ ఫేవరిట్స్ అనే చిన్న మెనూ ఒకటి చడీచప్పుడు లేకుండా వచ్చి చేరింది. ఏ మెనూలోని ఏ పని మీదైనా కుడి క్లిక్ చేసి 'యాడ్ టు క్విక్ ఫేవరిట్స్' అంటే చాలు, అది ఈ మెనూలోకి వచ్చేస్తుంది. తర్వాత క్యూ నొక్కగానే మౌస్ బాణం ఎక్కడుంటే అక్కడే జాబితా తెరుచుకుంటుంది. చూపు మోడల్ మీంచి పక్కకు పోదు.

అసలు సుఖం ఆ తర్వాత ఉంది. జాబితా తెరుచుకున్నాక మౌస్‌తో వెతకనక్కర్లేదు. 1 నొక్కితే మొదటి పని, 2 నొక్కితే రెండోది, 0 అంటే పదోది. పదకొండోది కావాలంటే ఆల్ట్ పట్టుకుని 1. నిజానికి ఇది బ్లెండర్ మెనూలన్నిటికీ ఉన్న వసతే. కానీ మనం పేర్చుకున్న జాబితాకి అది తోడైతే దాని రుచే వేరు. మెష్‌లో, అంటే బిందువులూ అంచులూ కలిపి అల్లిన వస్తువు ఆకారంలో, చిల్లులున్న చోట్లు పట్టుకోవాలంటే సెలెక్ట్ మెనూలోకి వెళ్ళి, 'సెలెక్ట్ ఆల్ బై ట్రెయిట్' తెరిచి, అందులో 'నాన్ మానిఫోల్డ్' వెతుక్కోవాలి. నాకది క్యూ, 3. దగ్గరదగ్గరగా పడిన బిందువుల్ని కలిపే 'మెర్జ్ బై డిస్టెన్స్' నాకు క్యూ, 1. ఇప్పుడు వాటి అసలు మెనూలు ఎక్కడున్నాయో అడిగితే నేను కాసేపు తడుముకోవాలి.

వస్తువుని మొత్తంగా కదిపే ఆబ్జెక్ట్ మోడ్‌లో పేర్చుకున్న జాబితా, దాని మెష్‌ని దిద్దే ఎడిట్ మోడ్‌లో కనబడదు, ఎక్కడి జాబితా అక్కడిదే. మొదట్లో ఇది లోపం అనుకున్నాను. వాడగా వాడగా, అలా ఉండబట్టే అంకెలు పదిలోపు సరిపోతున్నాయని తెలిసింది.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. గట్టి అంచులున్న వస్తువుల మోడలింగ్ కోసం ఒక యాడాన్, అంటే బ్లెండర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, వేసుకున్నాను. పేరు అనవసరం, పనితనం బాగానే ఉంది. అది ఎడిట్ మోడ్‌లో క్యూ మీటని తన సొంత మెనూకి రాసేసుకుంది. అడగలేదు, చెప్పలేదు. నా వేళ్ళు క్యూ, 3 అని ఎంత వేగంగా కొడతాయంటే తెర మీద మెనూ మెరిసి మాయమవుతుంది, అందులో ఏముందో చదివే వ్యవధే ఉండదు. ఆ యాడాన్ మెనూలో మూడోది, పదునుగా గుర్తుపెట్టిన అంచుల వెంట మెష్‌ని విడగొట్టి, ఆపైన ఏదీ సెలెక్ట్ అయి లేకుండా చేసే పని.

చిల్లుల కోసం వెతికినప్పుడు ఏదీ సెలెక్ట్ కాకపోవడమే శుభవార్త. క్యూ, 3 కొట్టాను, ఏదీ సెలెక్ట్ కాలేదు, మెష్ శుభ్రంగా ఉందనుకుని ముందుకు సాగాను. చిల్లులు వెతికే మీటే చిల్లులు పెడుతోందన్నమాట! విడిపోయిన బిందువులు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి కంటికి తేడా తెలియదు. మెష్‌ని నున్నగా చేసే సబ్‌డివిజన్ మాడిఫయర్ తగిలించాక మూలల దగ్గర మోడల్ నోరు తెరిచింది.

కారణం దొరికింది అన్‌డూ హిస్టరీలో. ఎడిట్ మెనూలో ఉండే ఆ జాబితా మామూలుగా మనం చేసిన పనుల్లో చివరి 32 మెట్లే గుర్తుంచుకుంటుంది. అదృష్టం కొద్దీ ఆ అనుమానాస్పదమైన పేరు ఇంకా జారిపోలేదు. అక్కణ్ణించి ప్రిఫరెన్సెస్‌లో ఏ మీట ఏ పని చేస్తుందో చూపించే కీమ్యాప్‌కి వెళ్ళి, వెతికే పద్ధతిని పేరు నుంచి కీ బైండింగ్‌కి మార్చి, క్యూ అని కొడితే దొంగ దొరికాడు. క్విక్ ఫేవరిట్స్ మీట ఉండేది 'విండో' అనే విశాలమైన విభాగంలో. యాడాన్ తన మీటని 'మెష్' అనే ఇరుకు విభాగంలో పెట్టింది. బ్లెండర్ ఇరుకుదాన్నే ముందు చూస్తుంది, అక్కడ దొరికితే విశాలమైనదాని దాకా రానేరాదు. ఒకే మీటకి ఇద్దరు హక్కుదారులున్నారన్న హెచ్చరిక ఎక్కడా ఉండదు.

ఆ వరుస పక్కనున్న టిక్కు తీసేస్తే గొడవ వదిలింది. పాడైన మెష్ కూడా మెర్జ్ బై డిస్టెన్స్‌తో అతుక్కుంది. విడిపోయినవి ఒకేచోట ఉన్నాయి గనక మీటరులో పదివేలో వంతు అనే దాని మామూలు దూరమే సరిపోయింది. యాడాన్ కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా ఆ టిక్కు మళ్ళీ వచ్చిందేమోనని ఒకసారి చూసుకోవడం మాత్రం అలవాటైంది. మౌస్ పక్క బొటనవేలికి అందే బటన్‌కి కూడా ఇదే మెనూని కట్టాను. ఆ బటన్ జోలికి ఇంతవరకు ఏ యాడానూ రాలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి 'షార్ట్‌కట్‌లన్నీ బట్టీపట్టక్కర్లేదు, క్యూ చాలు' అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించి చెబుతున్నాను. నేను వాడుతున్న వెర్షన్‌లో జాబితా వరుస మార్చే వీలు లేదు. కొత్తది ఎప్పుడూ చివరే చేరుతుంది, అది మంచిదే, పాత అంకెలు కదలవు. మధ్యలోంచి ఒకటి తీసేస్తే మాత్రం దాని కిందవన్నీ ఒక అంకె పైకి జరుగుతాయి, వేళ్ళు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అందుకే నేను వాడని పనులు కూడా రెండు మూడు అలాగే ఉంచేశాను. పైగా కీమ్యాప్‌ని ఎగుమతి చేస్తే మీటలే వస్తాయి గానీ ఈ జాబితా రాదు. అది యూజర్‌ప్రెఫ్ డాట్ బ్లెండ్ ఫైల్లో ఉంటుంది. కంప్యూటర్ మారేవాళ్ళు దాన్ని విడిగా దాచుకోవాలి.

నా పని ఎక్కువగా మెష్ మోడలింగ్. కుడి మణికట్టు నొప్పి వల్ల మౌస్ ప్రయాణం ఎంత తగ్గితే నాకంత మేలు. అందుకే ఇన్ని తిప్పలున్నా నా వరకు ఇది వదులుకోలేని సౌకర్యం. రోజంతా స్కల్ప్టింగ్, అంటే మట్టి బొమ్మలా మోడల్‌ని మలిచే పని, చేసేవాళ్ళకి బ్రష్‌ల తోనే కాలం గడుస్తుంది, వాళ్ళకి ఇది ఇంత అవసరం కాకపోవచ్చు. బ్లెండర్‌లోనే ఉండే 'ఇండస్ట్రీ కంపాటబుల్' అనే మరో కీమ్యాప్ ఎంచుకున్నవాళ్ళకైతే క్యూ అంటే సెలెక్ట్ టూల్, వాళ్ళు ఈ మెనూకి ముందు వేరే మీట వెతుక్కోవాలి. పదిమంది వాడే కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళు, మీ జాబితా రేపటికి అలాగే ఉంటుందన్న నమ్మకం ఉంటేనే అంకెలు అలవాటు చేసుకోండి.